సొంత ఊళ్ళో దారి తప్పే మావయ్య

మా మావయ్యకి ఒక్కటే జబ్బు. సొంత ఊళ్ళో దారి తప్పిపోతాడు. మతిమరుపు వల్ల కాదు, వయసు మీద పడీ కాదు, కావాలని తప్పిపోతాడు. వారానికి రెండుసార్లు ఇరవై మూడు కిలోల సూట్‌కేసు ఈడ్చుకుంటూ, చేతిలో ఊరి పటం పట్టుకుని, పుట్టి పెరిగిన వీధుల్ని ఇవాళే మొదటిసారి చూస్తున్నవాడిలా గుడ్లప్పగించి చూస్తూ, కనబడ్డవాళ్ళనల్లా ఆపి "అయ్యా, సదస్సుల భవనానికి ఎలా వెళ్ళాలండీ?" అని అడుగుతాడు. ఆ భవనంలో ఆయన ఇరవై ఆరేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు.

ఈ మాట చెప్తే కొత్తవాళ్ళు నావైపు జాలిగా చూసి, "డాక్టరుకి చూపించారా అమ్మా?" అంటారు. చూపించాం. డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేసి "మనిషి గుండ్రాయిలా ఉన్నాడు, నిశ్చింతగా వెళ్ళండి" అన్నారు. సాయంత్రం ఆయన బస్‌స్టాపులో నిలబడి ఉంటే మావయ్య సూట్‌కేసుతో ఎదురై "రైల్వేస్టేషనుకి ఏ బస్సెక్కాలండీ?" అని అడిగాడట. డాక్టరుగారు అక్కణ్ణుంచే నాకు ఫోన్ చేసి ఇంకో పరీక్ష రాశారు.

మాది సదస్సులు జరిపించే ఆఫీసు. ఎక్కడెక్కడి దేశాల నుంచో వైద్యులూ ఇంజనీర్లూ శాస్త్రవేత్తలూ వస్తారు, నాలుగు రోజులు మాట్లాడుకుని వెళ్తారు. వాళ్ళు బయల్దేరే ముందు మేమొక పుస్తకం పంపుతాం. దాని పేరు 'అతిథులకు సూచనలు'. వీసాకి ఏ ఉత్తరం కావాలి, విమానం దిగాక ఏ బస్సెక్కాలి, ఇక్కడి ప్లగ్గులకి ఎన్ని కాళ్ళు, అలాంటివన్నీ అందులో ఉంటాయి. రాసేది మావయ్య, కంప్యూటర్లో పేజీలు కట్టేది నేను. ఆయన మా అమ్మకి సొంత తమ్ముడు. ఆఫీసులో మాత్రం సార్ అని పిలవమని మొదటి రోజే చెప్పాడు. రెండో రోజు నేనే మానేశాను. సార్ అని పిలిస్తే వెనక్కి తిరిగి, ఇంకెవరినో పిలుస్తున్నాననుకుని వెతికేవాడు.

"నేను పడని పాటు ఇంకొకరికి రాయనే" అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. ఆయనతో కలిసి పనిచేసేవాళ్ళకి తెలుస్తుంది అందులోని బాధ. బస్సుకి ఎనిమిది నిమిషాలు పడుతుందని రాయాలంటే, ఎండలో ఒకసారి, వానలో ఒకసారి, కాళ్ళకి బిగుతు చెప్పులేసుకుని ఒకసారి వెళ్ళి రావాలి. సూట్‌కేసులో ఏమున్నాయో తెలుసా? పాత టెలిఫోను డైరెక్టరీలు.

"ఇటుకలు పెట్టుకోవచ్చుగా మావయ్యా, పని తేలిక!" అన్నాను ఒకసారి.

"ఇటుకలు పట్టుకుని సదస్సుకి ఎవరైనా వస్తారుటే?"

"డైరెక్టరీలు పట్టుకుని వస్తారా?"

"పుస్తకాలు పట్టుకుని వస్తారు. మలుపు తిరిగేటప్పుడు పుస్తకాలు ఒక పక్కకి జారతాయి. ఇటుకలు జారవు."

నాకు అసలే ఓపిక తక్కువ. ఇలాంటి జవాబులు వింటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఊళ్ళో ఆయన్ని ఎరగనివాడు లేడు. బస్సు కండక్టరు దూరం నుంచే చూసి డ్రైవరుతో "ఆపన్నా ఆపు, పరదేశి వస్తున్నాడు" అంటాడు. ఎక్కగానే అందరూ అడిగేది ఒకటే ప్రశ్న.

"ఏం సార్, ఇవాళ ఏ దేశం?"

మావయ్య చాలా గంభీరంగా జవాబిస్తాడు. "ఇవాళ కుడిచెయ్యి లేని దేశం." అంతే, ఆ రోజంతా కుడిచెయ్యి కోటు జేబులోంచి బయటికి రాదు. సూట్‌కేసూ టికెట్టూ పటమూ అన్నీ ఎడమచేతే. పోస్టాఫీసు మెట్ల మీద బోర్లా పడితే వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి లేపబోయాడు. "ఆ చెయ్యి బయటికి తియ్యండి సార్!" అని అతను అరుస్తుంటే, మావయ్య పడినచోటే కూర్చుని పుస్తకంలో ఏదో రాసుకున్నాడట. ఇంకో రోజు "ఇవాళ చలి దేశం" అని మండుటెండలో ఉన్నికోటు వేసుకుని వెళ్ళాడు. కండక్టరు కిటికీలన్నీ తెరిచి, జనం చేత విసరించి మరీ ఇంటికి చేర్చాడు.

ఒక రోజు మాట రాని దేశం. పొద్దున్నించి ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి సైగలు మొదలుపెట్టాడు. మా అత్తయ్య ముందు కంగారుపడింది, తర్వాత సంగతి అర్థమై హాయిగా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"కూరలో ఉప్పెక్కువైందా?"

మావయ్య తల అడ్డంగా ఊపాడు.

"మా అక్కావాళ్ళని పదిరోజులుండేలా రమ్మన్నాను. మీకేమైనా అభ్యంతరమా?"

మావయ్య రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు. "అభ్యంతరం లేదన్నమాట" అంది అత్తయ్య. ఇప్పటికీ ఆవిడ నన్ను పట్టుకుని, "మీ మావయ్య మళ్ళీ ఎప్పుడే ఆ దేశం వెళ్ళేది?" అని అడుగుతూ ఉంటుంది.

విమానాశ్రయంలో జరిగింది మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. ఈ ఏడు మా పెద్ద సదస్సు మట్టి శాస్త్రవేత్తలది. వీళ్ళతో ఒక చిక్కుంది. ఎక్కడికెళ్ళినా తమ ఊరి మట్టి పొట్లాలు కట్టి తెస్తారు. ఇంకొకరు తెచ్చిన పొట్లం విప్పి వాసన చూస్తేగాని వాళ్ళకి సదస్సులా అనిపించదు. కస్టమ్స్ వాళ్ళు ఊరుకుంటారా? అందుకని మావయ్య, ఆపినప్పుడు ఏం జరుగుతుందో చూడాలని, పెరటి కుండీలోని మట్టి రెండు పొట్లాలు కట్టుకుని కస్టమ్స్ ఆఫీసరు ముందు నిలబడ్డాడు.

"ఏ విమానంలో దిగారు?" అన్నాడు ఆఫీసరు.

"ఇంకా అనుకోలేదండీ. మీరే ఏదో ఒకటి అనుకోండి."

"ఈ మట్టి ఎక్కడిది?"

"మా ఇంటిది."

"మీ ఇల్లెక్కడ?"

మావయ్య కిటికీలోంచి చెయ్యి చూపించాడు. నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి ఆయన ఆ ఆఫీసరు ఎదురుగా తాపీగా కూర్చుని, ఏ కాగితం ముందుగా తెస్తే మట్టిని లోపలికి రానిస్తారో ఆయన చేతే రాయించుకుంటున్నాడు. నాకు అక్కడే నెత్తీ నోరూ కొట్టుకోవాలనిపించింది.

ఇన్ని తిప్పలూ పడి రాసిన పుస్తకం డెబ్బై రెండు పేజీలయింది. సగం పేజీల్లో మంచి విషయాలే ఉన్నాయి. పాస్‌పోర్టు నకళ్ళు రెండు చేయించి, ఒకటి సూట్‌కేసులో, ఒకటి ఒంటి మీద పెట్టుకోండి. హోటల్ పేరు ఇక్కడి లిపిలో రాయించుకుని జేబులో ఉంచుకోండి, నోరు తిరక్కపోతే చూపించవచ్చు. దిగిన రోజు పగలు నిద్రపోకండి. ఇలాంటివి ఎవరైనా ఒప్పుకుంటారు. మిగతా సగం చూడండి.

'హోటల్ లిఫ్టు రెండో అంతస్తు దాటాక దగ్గుతుంది. దానికేమీ కాలేదు. ఇరవై లెక్కపెట్టేలోపు తలుపు తెరుచుకుంటుంది.'

'స్టేషను నుంచి భవనం దాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా రావచ్చు. ఆకుపచ్చ కమ్మీల వెంబడి నడవండి.'

'పోస్టాఫీసు మెట్లకి పట్టుకునే కమ్మీ ఎడమపక్క మాత్రమే ఉంది, అదీ మూడో మెట్టు నుంచి.'

'భోజనాల హాల్లో కిటికీ పక్కన ఒక్కరికి సరిపడే బల్లలు ఆరున్నాయి. అక్కడ కూర్చున్నవారిని ఎవరూ వింతగా చూడరు. నేను తొమ్మిదిసార్లు కూర్చున్నాను.'

ఇవి చదివి ఆఫీసంతా పడీ పడీ నవ్వేది. ఇరవై ఆరేళ్ళలో నలుగురు డైరెక్టర్లు నవ్వి సంతకం పెట్టేశారు. ఐదో ఆవిడ నవ్వలేదు.

డైరెక్టరమ్మ మా ఊరొచ్చి మూడు నెలలే అయింది. ఆఫీసుకి కార్లో వస్తుంది, కార్లో వెళ్తుంది, మధ్యలో ఎవరితోనూ నవ్వదు. పుస్తకాన్ని వేళ్ళ చివర్లతో పట్టుకుని మావయ్యనీ నన్నూ పిలిచింది.

"లిఫ్టు దగ్గడమేంటండీ?"

"దగ్గుతుందండీ" అన్నాడు మావయ్య.

"నాకు ఒక్క పేజీ కావాలి. ఒక్కటంటే ఒక్కటి, ఒకవైపే. శుక్రవారం పొద్దున నా బల్ల మీద ఉండాలి. లేకపోతే సోమవారం నుంచి మీరు కుర్చీల విభాగానికి వెళ్ళండి."

కుర్చీల విభాగం మా భవనం అడుగున ఉంటుంది. కిటికీ లేదు. అక్కడ ఒక మనిషి పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకేచోట కూర్చుని, పైకి వెళ్ళే కుర్చీలకీ కిందికొచ్చే కుర్చీలకీ చీటీల మీద సంతకం పెట్టాలి. భోజనం చేసేటప్పుడు కూడా వంటింటికీ వరండాకీ మధ్య తిరిగే మనిషి మా మావయ్య. ఆయన్ని అక్కడ కూర్చోబెడితే నెల తిరక్కుండా మంచం పడతాడు. గదిలోంచి బయటికొచ్చాక ఆయన మొహంలో రక్తం లేదు. నేనే ధైర్యం చెప్పాను.

"ఏం కాదు మావయ్యా. కత్తెర నాకివ్వు. సాయంత్రానికి ఒక్క పేజీ చేసిపెడతాను."

చెయ్యనిస్తేగా! నేను కుర్చీలో, ఆయన నా వెనకాల అటూ ఇటూ. ఆ చెప్పుల చప్పుడికి నాకు ఒక్క వాక్యం మీద చూపు నిలిస్తే ఒట్టు. వీసా ఉంచాను, ప్లగ్గులు ఉంచాను, బస్సు నంబర్లు ఉంచాను, దగ్గే లిఫ్టుని కొట్టేశాను.

"అది ఉండనీవే."

"ఎందుకు?"

"ఉండనీ. కావాలంటే వీసా తీసెయ్."

"వీసా తీసేస్తే మనిషే రాడు మావయ్యా! ఇంక లిఫ్టు దగ్గితే ఏంటి, తుమ్మితే ఏంటి?"

కమ్మీలు కొట్టేస్తే ప్లగ్గులు తీసెయ్యమన్నాడు. ఒంటరి బల్లలు కొట్టేస్తే బస్సులన్నీ తీసెయ్యమన్నాడు. గురువారం మధ్యాహ్నానికి ఆయన ఒప్పుకున్న పేజీలో పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు, పిచ్చి ముక్కలు మాత్రం ముప్ఫై తొమ్మిదున్నాయి. నేను ఒంటికాలి మీద లేచాను.

"నీకు ఉద్యోగం అక్కర్లేకపోతే చెప్పు! ఈ గోల భరించడం నా వల్ల కాదు. నువ్వు కుర్చీలు లెక్కపెట్టుకో, నేను పడుకుంటాను!"

ఆయన కోటు తీసుకుని ఎటో వెళ్ళిపోయాడు. నేను విసురుగా పేజీలు మూసి, అతిథుల చిరునామాలు సరిచూద్దామని వాళ్ళు నింపి పంపిన దరఖాస్తుల కట్ట ముందేసుకున్నాను. మొత్తం రెండొందల పన్నెండు మంది. దరఖాస్తు చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది. 'మేము తెలుసుకోవలసినది ఇంకేమైనా ఉందా?' నేనే టైపు చేసిన ప్రశ్న అది. జవాబులు ఎవరైనా చదువుతారని నాకెప్పుడూ తట్టలేదు.

చాలామంది ఖాళీగా వదిలేశారు. ఒకాయన రాశాడు: 'మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. లిఫ్టులో ఊపిరాడదు. మధ్యలో ఆగిపోతుందేమోనని భయం.' పక్కన పెన్సిల్‌తో మావయ్య చేతిరాత: 'ఇరవై లెక్కపెట్టేలోపు.'

గబగబా ఇంకొకటి తిప్పాను. 'నాకు నత్తి. కొత్తవాళ్ళని దారి అడగలేను.' పక్కన: 'ఆకుపచ్చ కమ్మీలు. మాట్లాడకుండా వెళ్ళి చూశాను, వచ్చేశాను.' ఇంకొకరికి పోయినేడు జబ్బు చేసి కుడిచెయ్యి పడిపోయింది. ఇంకొకావిడ రాసింది: 'ఎప్పుడూ మా ఆయనతో కలిసి వచ్చేదాన్ని. ఇప్పుడు ఆయన లేరు. నలుగురి మధ్యలో ఒక్కదాన్నే భోజనానికి కూర్చోవాలంటే ఎలాగో ఉంది.' లెక్కపెట్టాను. ఆ గడి నింపినవాళ్ళు సరిగ్గా ముప్ఫై తొమ్మిది మంది.

బస్సులో జనం ఏ దేశమని అడిగితే ఆయన చెప్పినవి దేశాలు కావు. మనుషులు. నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే, ఆయన తిరిగొచ్చేదాకా కుర్చీలో కూర్చోలేక నేనే గదిలో అటూ ఇటూ తిరిగాను.

రాగానే మీద పడ్డాను. "ఈ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా మావయ్యా!"

దరఖాస్తులు చూసి నాలుక కరుచుకున్నాడు. "అవి మనల్ని నమ్మి రాసుకున్నవే. నలుగురికీ చెప్పుకునేవా?"

"పోనీ, ఎవరిది వాళ్ళకి ఉత్తరం రాసి పంపొచ్చుగా? అందరి పుస్తకంలో ఎందుకు?"

"ఒక్కడికే పంపితే, ఇంతమందిలో నేనొక్కణ్ణే భయపడుతున్నానేమో అనుకోడూ? పుస్తకంలో ఉంటే, ఇది అందరికీ ఉండేదే కాబోలు అనుకుంటాడు."

అప్పుడు తట్టింది నాకు. "మావయ్యా, అందరికీ ఉత్తరాలు పంపితే? రెండొందల పన్నెండు మందికీ, ఎవరిది వాళ్ళకి?"

ఆయన నడక ఆగింది. నా ఎరుకలో మొదటిసారి. "ఖాళీగా వదిలేసినవాళ్ళకి కూడానా?"

"వాళ్ళకేం భయాలున్నాయి?"

"పిచ్చిదానా, రాయనివాళ్ళకే ఎక్కువుంటాయి. టైపు చెయ్యి, చెప్తాను."

ఆయన గదిలో తిరుగుతూ చెప్పడం, నేను కొట్టడం. ప్రతి పేజీలో పైన వీసా, పాస్‌పోర్టు, ప్లగ్గు, బస్సు, నాలుగు ముక్కల్లో. కింద ఆ మనిషికి కావలసినది. ఖాళీ గడులవాళ్ళకి పుస్తకంలోంచి తలా రెండు సంగతులు. మధ్యలో ఒక వాక్యం మీద అనుమానం వచ్చి స్టేషను దాకా వెళ్ళొచ్చాడు కూడా. నాకు వేళ్ళు వాచిపోయాయి. శుక్రవారం పొద్దున డైరెక్టరమ్మ బల్ల మీద రెండొందల పన్నెండు కాగితాలు పెట్టాం.

ఆవిడ కట్టని చూసింది, మమ్మల్ని చూసింది. "నేను ఒక్క పేజీ అన్నాను."

నేనే అన్నాను. "ఒక్కొక్కరికి ఒక్క పేజీయే మేడమ్. ఒకవైపే."

"నాతో ఆటలాడుతున్నారా?" అంటూనే పై కాగితం తీసింది. చదివింది. కింద పెట్టి రెండోది తీసింది, తర్వాత మూడోది. మావయ్య బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుస్తున్నాడు. పదో కాగితమో పదకొండోదో చదువుతూ ఆవిడ తలెత్తింది.

"నిజంగా ఆ బల్ల దగ్గర తొమ్మిదిసార్లు కూర్చున్నారా?"

"పదండీ. నిన్న సాయంత్రం ఇంకోసారి వెళ్ళాను. ఒక కుర్చీ కాలు ఊగుతోంది, చెప్పి బాగుచేయించాను."

ఆవిడ కట్ట సర్ది, పైన 'పంపవచ్చు' అని రాసి సంతకం పెట్టింది. "కుర్చీల విభాగానికి ఇంకెవరినైనా చూస్తాను" అంది. మేము దండం పెట్టి గుమ్మం దాకా వెళ్ళాం. ఊపిరి పీల్చుకోబోతుంటే వెనక నుంచి పిలిచింది.

"కాస్త ఆ తలుపు వేస్తారా?"

కొంప మునిగిందనుకున్నాను. ఆవిడ కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"మా ఇల్లు ఇక్కడికి నడిస్తే పదిహేను నిమిషాలు. అయినా మూడు నెలలుగా కార్లోనే వస్తున్నాను. ఆ సందులో కుక్క ఉందండీ. మీరు... నాకు కూడా ఒక పేజీ..."

ఆవిడ మాట పూర్తి కాలేదు. "నల్లదా, గోధుమరంగుదా?" అని మావయ్య.

"చూడలేదు. మొరగ్గానే కారెక్కేశాను."

"కాలు పట్టుకుంటుందా, ఊరికే మొరుగుతుందా? పొద్దున పూటా, సాయంత్రమూ కూడానా?" అని అడుగుతూనే జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇద్దరం కిటికీలోంచి చూశాం. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఆ సందువైపు దాదాపు పరిగెడుతున్నాడు.

సోమవారం పొద్దున ఆవిడ బల్ల మీద పెట్టమని ఆదివారమే నా చేత ఒక పేజీ టైపు చేయించాడు. ఆవిడ ఆ రోజూ కార్లోనే వచ్చింది. చదువుకుని, మడిచి, సంచిలో పెట్టుకుంది. అందులో ఇలా ఉంది: 'మూడో గేటు దగ్గర గోధుమరంగు కుక్క. చూస్తే మొరుగుతుంది. పద్నాలుగు అడుగులు వెంట వస్తుంది, పదిహేనో అడుగు వెయ్యదు. నేను ఎనిమిదిసార్లు నడిచాను. దానికి కూడా మనమంటే భయమేనని నా అనుమానం.'

మంగళవారం తొమ్మిదైంది, తొమ్మిదింపావైంది, డైరెక్టరమ్మ జాడ లేదు. కారు కూడా రాలేదు. మావయ్య కిటికీకీ తలుపుకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తొమ్మిదిన్నరకి ఆవిడ చెమటలు కక్కుతూ, చెప్పులనిండా దుమ్ముతో లోపలికొచ్చింది. తన గదికి వెళ్ళలేదు. హాలు మధ్యలో, గుమాస్తాలందరి ముందూ నిలబడి, మావయ్య వైపు చూసి, నవ్వు ఆపుకోలేక గట్టిగా చెప్పింది.

"పదిహేనో అడుగు వెయ్యలేదండీ!"